పొగమంచులో ఎర్ర రగ్గులు

ఆ ఇంటి పెద్దకోడలు వ్యాను తీసిందంటే, వీధి మలుపులో టీ కొట్టాయన బల్ల మీది గ్లాసులు లోపలికి జరుపుకునేవాడు. "తుఫాను బయల్దేరిందిరోయ్" అని ఆయన అనగానే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకునేవాళ్ళు. ఆ మాట ఆవిడ చెవిన పడకపోలేదు. పడినా కోపం రాలేదు సరికదా, లోలోపల ముచ్చటగా కూడా ఉండేది. ఇన్నేళ్ళుగా బండి తోలుతోంది, ఒక్క గీత పడలేదు. ఆ ధీమా ఊరికే వచ్చింది కాదు మరి.

వాళ్ళది లాండ్రీ. ఏటికి అవతలున్న పెద్దాసుపత్రి బట్టలన్నీ ఇక్కడే ఉతికేవాళ్ళు. మంచాల మీది దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ల గదిలో డాక్టర్లు తొడుక్కునే ఆకుపచ్చ గౌన్లు, చలికాలంలో రోగులు కప్పుకునే ఎర్ర రగ్గులు. ఒక్క తొట్టితో ఈ పని మొదలుపెట్టిన అత్తగారు ఇప్పుడు మడతల బల్ల పక్కన ఎత్తు పీట వేసుకుని, వచ్చిన ప్రతి మడతనీ అరచేత్తో నొక్కి చూసేది. పెద్దకొడుకు బాయిలరు దగ్గర, చిన్నకొడుకు ఇస్త్రీ మిషన్ల దగ్గర. వాళ్ళిద్దరికీ బండి తోలడం రాదా అంటే వచ్చు. కానీ పెద్దాడు తోలితే బట్టలు చేరేలోపు రోగులు కోలుకుని ఇళ్ళకెళ్ళిపోతారని కన్నతల్లే అనేది. చిన్నాడు మిషన్లు వదిలి కదలలేడు. అందుకని స్టీరింగు పెద్దకోడలి చేతికొచ్చింది.

ఆ ఏడే కాపురానికొచ్చిన చిన్నకోడలు ఆవిడ పక్క సీట్లో కూర్చునేది. పని మూటలు దించడం, మాసినవి ఎక్కించుకోవడం. మనిషి నెమ్మది. తోటికోడల్ని "అక్కా, మీరు" అనడమే తప్ప "నువ్వు" అని ఎరగదు. ఒక్కటే అలవాటు, కళ్ళకి ఏది కనబడితే అది పైకి చదివేది. దుకాణాల బోర్డులు, లారీల వెనక రాతలు, గోడల మీది ప్రకటనలు. "నీకు జీతం ఇవ్వక్కర్లేదే చెల్లీ, దారంతా అక్షరాలు పేర్చి పెడితే చాలు" అని పెద్దకోడలు నవ్వేది.

ఆ రోజు ఆరబెట్టే మిషను బెల్టు తెగింది. పెద్దకొడుకు దాని కింద దూరి, ఒళ్ళంతా నూనె పూసుకుని, ఎలాగో కొత్త బెల్టు బిగించేసరికి పని వెనకబడిపోయింది. మూటలు వ్యానులోకి ఎక్కుతుండగానే తెల్లవారింది. ఆసుపత్రి నుంచి బట్టల గది చూసే పెద్ద నర్సమ్మ ఫోను.

"ఏమ్మా, మొదటి ఆపరేషనుకి గౌన్లు లేవు. డాక్టరుగారు నా మీద విరుచుకుపడేలా ఉన్నారు."

"ఇదిగో సిస్టర్, వచ్చేస్తున్నా. మీరు తలుపు తీసి ఉంచండి, అంతే."

గేటు దగ్గర అత్తగారు శాలువా కప్పుకుని నిలబడి ఉంది. "మంచు బాగా పడుతోంది. చూసుకుని వెళ్ళు."

"నాకు తెలియని రోడ్డా అత్తయ్యా? కళ్ళు మూసుకుని తోలేస్తాను."

"ఇవాళ మూసుకునే పని లేదులే. తెరిచినా అంతే" అంది అత్తగారు.

ఇళ్ళ మధ్య మంచు పలచగానే ఉంది. దీపాల చుట్టూ దూది అంటుకున్నట్టుంది, అంతే. పిండిమిల్లు దాటి పెద్ద రోడ్డు ఎక్కాక మాత్రం, ఎవరో తడి దుప్పటి తెచ్చి అద్దం మీద పరిచినట్టు అయిపోయింది. చెట్లు లేవు, స్తంభాలు లేవు, ఏరు ఏ పక్కనుందో తెలియదు. పెద్దకోడలు పెద్ద లైట్లు వేసింది. ఎదుటి తెలుపు ఇంకా తెల్లబడి కళ్ళలోకే తిరిగొచ్చింది. విసుక్కుని మళ్ళీ చిన్న లైట్లు పెట్టింది.

"ఛ, ఇలా పాక్కుంటూ వెళ్తే మధ్యాహ్నానికి చేరతాం."

చిన్నకోడలికి చదవడానికి బయట బోర్డులేవీ లేవు. చూపు తిప్పి స్పీడు ముల్లు చూసింది. "ఎనభై" అని చదివింది.

"ఏంటి?"

"ముల్లు ఎనభై మీదుంది అక్కా."

పెద్దకోడలు కిందికి చూసింది. నిజమే. నడుస్తున్నట్టుంది తప్ప అంత వేగం ఉన్నట్టే లేదు. పక్కన వెనక్కి పరిగెత్తే చెట్టో గోడో కనబడితే కదా మనమెంత జోరుగా వెళ్తున్నామో ఒంటికి తెలిసేది! అదేమీ లేకపోయేసరికి కాలు దానంతటదే నొక్కుకుంటూ పోయింది. ఆవిడకి కాస్త ఆశ్చర్యమేసింది, కాస్త సిగ్గూ వేసింది. వేగం తగ్గించింది.

తగ్గించిందో లేదో, వెనక నుంచి హారను. ఒకటి కాదు, వరసగా. తెల్ల కారొకటి వీళ్ళని రాసుకున్నంత దగ్గరగా దాటిపోయింది. దాటిపోతూ ఇంకోసారి మోగించింది.

"చూశావా వాడి పొగరు! నన్ను దాటాడు!" పెద్దకోడలికి రోషం పొడుచుకొచ్చింది. ఆవిణ్ణి ఆ రోడ్డు మీద దాటినవాళ్ళు తక్కువ. "సరే, మంచిదే. వాడి ఎర్ర లైట్లు పట్టుకుని పోదాం. దారి వాడు చూస్తాడు, మనం వాణ్ణి చూద్దాం."

మళ్ళీ తొక్కింది. ముందు రెండు ఎర్ర చుక్కలు మంచులో ఊగుతూ పోతున్నాయి. అవి మసకబారితే తొక్కడం, దగ్గరైతే వదలడం. నిజం చెప్పాలంటే ఆవిడకి అది హాయిగానే ఉంది. ఎవరో చెయ్యి పట్టి నడిపిస్తున్నట్టు ఉంది.

చిన్నకోడలు ఆ చుక్కల్నే చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి అడిగింది. "అక్కా, మనం వాణ్ణి చూసి వెళ్తున్నాం. వాడికి ఏం కనబడుతోంది?"

పెద్దకోడలు ఏదో జోకు వెయ్యబోయింది. నోటిదాకా వచ్చిన జోకు అక్కడే ఆగిపోయింది. నిజమే, వాడికి ఏం కనబడుతోంది? తనకి కనబడని మంచే కదా వాడికీ! కాలు పైకి లేచింది. ఎర్ర చుక్కలు దూరమయ్యాయి, చిన్నవయ్యాయి.

అంతలో ఆ చుక్కలు రెండూ ఒక్కసారిగా భగ్గుమని వెలిగి, పక్కకి తిరిగి, కనబడకుండా పోయాయి. ఇనుము ఇనుముకి కొట్టుకున్న చప్పుడు మంచులోంచి వచ్చింది.

"ఆగు అక్కా!"

బ్రేకు అప్పటికే పడింది. తడి రోడ్డు మీద వ్యాను ఆగలేదు, జారింది. వెనకభాగం ఒక పక్కకి తోసుకొచ్చింది. బ్రేకు ఇంకా గట్టిగా తొక్కమని ఒంట్లో ప్రతి నరమూ అరుస్తున్నా, ఆవిడ కాలు వదిలి, స్టీరింగు రోడ్డు అంచు వైపు తిప్పి, చక్రాలు పట్టు దొరకబుచ్చుకున్నాక కొద్దికొద్దిగా నొక్కింది. వ్యాను రోడ్డు పక్కనున్న ఇనప కమ్మీని గీరుకుంటూ, అద్దం పగలగొట్టుకుంటూ వెళ్ళి, అడ్డంగా పెరిగిన నల్లటి నీడకి బారెడు దూరంలో ఆగింది.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తడిమి చూసుకున్నారు. ఎక్కడా ఏమీ కాలేదు.

ఆ నల్లటి నీడ లారీ. ఇనప గొట్టాలతో వెళ్తూ మలుపులో జారి, రోడ్డుకి అడ్డంగా తిరిగి నిలబడిపోయింది. దాని పక్కలోకి తెల్ల కారు ముక్కుదాకా దూసుకుపోయి ఉంది. లారీ డ్రైవరు కింద నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఉన్నాడు.

"మలుపు కనపళ్ళేదమ్మా" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "ఈ రోడ్డు నాకు కొత్తేం కాదు. వస్తుందని తెలుసు, అయినా కనపళ్ళేదు."

కారులో టై కట్టుకున్న మనిషొకడు. స్పృహలోనే ఉన్నాడు. కాళ్ళు కింద ఇరుక్కుపోయాయి. నుదుటి మీద నెత్తురు. "నా కళ్ళజోడు ఎక్కడో పడింది. కాస్త వెతికి పెడతారా?" అని మర్యాదగా అడిగాడు. ఆ మర్యాద చూసే పెద్దకోడలికి గుండె నీరైపోయింది.

ఆవిడ కారు తలుపు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎక్కడో వెనక, మంచులో, హారను వినబడింది.

ఆవిడ బుర్ర అప్పుడు చకచకా పని చేసింది. వీళ్ళు ఎలా వచ్చారో వెనకవాళ్ళూ అలాగే వస్తారు. ఇక్కడున్న నలుగురి మీదా, వ్యాను మీదా, ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఈ మనిషిని ఇప్పుడు లాగినా బయటికి రాడు. ముందు ఆపాల్సింది వెనక వచ్చేవాటిని.

"అన్నా, నెత్తి మీంచి చేతులు తియ్యి. అంబులెన్సుకి ఫోను చెయ్యి. ఏటి వంతెనకి ఇవతలి మలుపు అని చెప్పు. పోలీసులకీ చెప్పు. చెప్పాక కమ్మీ అవతలికి వెళ్ళి నిలబడు, రోడ్డు మీద ఉండకు."

లారీ డ్రైవరుకి ఎవరో ఒకరు పని చెప్పడమే కావలసింది. వెంటనే ఫోను తీశాడు.

వ్యాను నాలుగు ఇండికేటర్లూ వేసి వెనక తలుపులు తెరిచేసరికి, చిన్నకోడలు అప్పటికే ఒక దుప్పటి లాగి విప్పుతోంది. "ఇది పట్టుకుని ఊపుతానక్కా!"

"పొగమంచులో తెల్ల దుప్పటా తల్లీ! దెయ్యమనుకుని ఇంకా గట్టిగా తొక్కుతారు. రగ్గులు తియ్యి, ఎర్రవి! దుప్పట్ల మూటలన్నీ కిందికి తొయ్యి. ఆకుపచ్చ మూటలు మాత్రం ముట్టుకోకు, అవి ఆపరేషన్లవి."

ఉతికి, ఇస్త్రీ చేసి, అత్తగారు అరచేత్తో నొక్కి చూసిన దుప్పట్ల మూటలు ఒక్కొక్కటే బురద రోడ్డు మీద పడ్డాయి. లారీ డ్రైవరు ఫోను పెట్టేసి తనూ చెయ్యి వేశాడు. కమ్మీ అవతలి పక్కనే మూటలు మోసుకుంటూ వెనక్కి పరిగెత్తారు. కొంత దూరానికొకటి చొప్పున రోడ్డు మీదికి దొర్లించారు. మెత్తటి మూట, గుద్దినా బండికేమీ కాదు. కానీ చక్రం కింద ఏదో పడిందని ఏ డ్రైవరైనా బ్రేకు మీద కాలు వేస్తాడు. పెద్దకోడలి ఆలోచన అది.

"నువ్విక ఆ కారాయన దగ్గరికి వెళ్ళు చెల్లీ. రగ్గులు కప్పు. నిద్రపోనివ్వకు, ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండు. ఎక్కడైనా టైర్ల చప్పుడు దగ్గరగా వినిపిస్తే కమ్మీ దూకెయ్యి, నా మీద ఒట్టు."

తను రెండు ఎర్ర రగ్గులు చెరో చేత్తో పట్టుకుని, అన్నిటికన్నా దూరంగా ఉన్న మూట కంటే ఇంకా వెనక్కి వెళ్ళి, కమ్మీకి ఇవతలే నిలబడి ఊపడం మొదలుపెట్టింది.

మొదట ఒక పాల వ్యాను వచ్చింది. అది నెమ్మదిగానే వస్తోంది. ఎర్రది చూసి ఆగింది. విషయం వినగానే ఆ డ్రైవరు బండిని రోడ్డు దించేసి, తన ఎర్ర టార్చిలైటు తీసుకుని వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

తర్వాత వచ్చింది బస్సు. అది కనబడటానికి ముందే వినబడింది, నేల అదిరింది. రగ్గులు ఊపుతూ ఆవిడ గొంతు చించుకుని అరిచింది, పాలాయన టార్చి తిప్పాడు. ఆ వేగానికి రగ్గులూ టార్చీ ఒకేసారి కనబడి ఒకేసారి వెనక్కి వెళ్ళిపోయాయి. ఆవిడ మొహానికి గాలి కొట్టింది. బస్సు మంచులోకి దూరిపోయింది. దాని దారిలో కారు, కారు పక్కన చిన్నకోడలు.

ధబ్. మొదటి మూట. ధబ్. రెండోది. టైర్లు రోడ్డుని పట్టుకుని కీచుమన్నాయి. ఇంకో ధబ్. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఆవిడ పరిగెత్తింది. ఎలా పరిగెత్తిందో తెలియదు. బస్సు చివరి మూటని ముందు చక్రాల కింద నొక్కిపెట్టి నిలబడి ఉంది. దాని లైట్ల వెలుతుర్లో, వ్యానుకి అవతల, కారు పక్కన ఎర్ర రగ్గు కప్పుకున్న చిన్నకోడలు కమ్మీ మీద ఒక కాలు వేసి ఉంది. దూకడానికి సిద్ధంగా ఉందన్నమాట. చెప్పిన మాట వింది.

బస్సు డ్రైవరు కిందికి దిగాడు, దిగుతూనే అరిచాడు. "రోడ్డు మీద మూటలేంటమ్మా? బుద్ధుందా? ఎవరి ప్రాణం తియ్యడానికి..."

ఆవిడ చేత్తో ముందుకి చూపించింది. ఆయన నాలుగడుగులు వేశాడు. లారీని చూశాడు, కారుని చూశాడు, తన బస్సు కిటికీల్లోంచి తొంగి చూస్తున్న మొహాల్ని చూశాడు. వెనక్కి వచ్చి బస్సు మెట్టు మీద కూలబడ్డాడు.

"కూర్చోకు అన్నా" అంది ఆవిడ. "ముందు అందర్నీ దింపించి కమ్మీ అవతలికి పంపు. తర్వాత కూర్చుందువుగాని, నేనూ కూర్చుంటాను."

ఆయన లేచాడు. కండక్టరు గట్టివాడు, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ క్షణాల మీద దింపేశాడు. కొందరు ఎర్ర రగ్గులు అందుకుని వెనక్కి వెళ్ళి పాలాయనతో పాటు వరసగా నిలబడ్డారు. ఆ తర్వాత వచ్చిన బండ్లన్నీ ఒక్కొక్కటే ఆగాయి.

కారు దగ్గర చిన్నకోడలు ఆ మనిషి తల తన చేతిలో పెట్టుకుని మాట్లాడుతోంది. మాట్లాడటానికి ఏమీ తోచక, లారీ మీద రాసి ఉన్నవన్నీ చదివి వినిపిస్తోంది. కంపెనీ పేరు, బరువు, టైర్లలో గాలి ఎంతుండాలో. అన్నీ అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి.

"అది ఇందాకే చదివారు" అన్నాడతను నీరసంగా.

"అయితే మీరు వింటున్నారన్నమాట" అంది చిన్నకోడలు.

అంబులెన్సు అవతలి వైపు నుంచి వచ్చింది. సైరను మోగుతూనే ఉంది, బండి మాత్రం మనిషి నడిచినంత నెమ్మదిగా వచ్చింది. మనుషులొచ్చి ఇనుము కోసి అతన్ని బయటికి తీశారు. స్ట్రెచరు మీద పెట్టాక కూడా రగ్గు అంచు వదలనంటే, రగ్గుతోనే తీసుకెళ్ళారు.

అప్పుడు పెద్దకోడలు వ్యాను ఎక్కి కూర్చుంది. తాళం తిప్పబోతే తాళం చేతికి చిక్కలేదు.

"నీ చేతులు వణుకుతున్నాయక్కా" అంది చిన్నకోడలు.

"వణకనీ. కాసేపు వణికి అవే ఊరుకుంటాయి."

ఊరుకున్నాయి. పోలీసులు అవతలి పక్క నుంచి దారి ఇచ్చాక ఆవిడ వ్యాను తీసింది. పక్క కిటికీ దించి, చెవి బయటికి పెట్టి, రోడ్డు అంచున ఉన్న తెల్ల గీతనే చూసుకుంటూ తోలింది. వెనక ఎవరో హారను కొట్టారు. "మోగించుకో నాయనా, నీకు అదే పనైతే" అంది. ఈసారి రోషం రాలేదు. తను చేసేది సరైన పనేనన్న ధైర్యం ఆ పాత ధీమా కంటే బరువుగా, కుదురుగా ఉంది.

ఆసుపత్రి వెనక గుమ్మంలో పెద్ద నర్సమ్మ తిట్టడానికి నోరు తెరిచి, వ్యాను పక్క చూసి, వీళ్ళ బట్టల మీది నెత్తురు చూసి, నోరు మూసేసింది. ఆకుపచ్చ మూటలు తనే అందుకుంది. వాటిలోని గౌన్లు తొడుక్కుని డాక్టర్లు ఆ టై మనిషి కాళ్ళకి ఆపరేషను చేశారు. రెండు కాళ్ళూ దక్కాయి.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గేటు దగ్గరే ఉంది. గీరుకుపోయిన రంగుని వేలితో తడిమింది. కోడళ్ళిద్దర్నీ కిందినుంచి పైదాకా చూసింది.

"దుప్పట్లు రోడ్డు మీద వేశానత్తయ్యా. బస్సు కిందికెళ్ళాయి" అంది పెద్దకోడలు. "ఇంకో మాట. జోరుగా వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇది సమయానికి ఒక్క ముక్క అడక్కపోతే ఆ కారు వెనకే నేనూ దూరేదాన్ని."

అత్తగారు వేలికంటిన రంగుని కొంగుకి తుడుచుకుంది. తర్వాత, "టైరు మరకలు ఊరికే వదలవు. వేడినీళ్ళలో నానబెట్టాలి. ఆ మూటలు తెప్పించండి" అని లోపలికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ చిన్నకోడలి తల నిమిరింది. పెద్దకోడలి చెయ్యి పట్టుకుని తనతో పాటు లోపలికి లాక్కెళ్ళింది, వేడివేడిగా ఏదైనా తాగమని.

ఆ వారమే పెద్దకోడలు ఆసుపత్రి బట్టల గదికి వెళ్ళి కూర్చుంది.

"సిస్టర్, ఒక రోజుకి సరిపడా గౌన్లూ దుప్పట్లూ ఎప్పుడూ మీ దగ్గర ఎక్కువే ఉండాలి. మంచు రోజున నేను ఆలస్యంగా వస్తాను. ఆలస్యమెందుకైందని తిట్టండి, పడతాను. అసలే రాకుండా పోయేంత తొందర మాత్రం పెట్టకండి."

"పెట్టడానికి చోటేదమ్మా? ఈ గది చూస్తున్నావు కదా."

"మెట్ల కింద విరిగిన మంచాలు పడేసిన గది ఉంది. అవి తీయిస్తే అలమార పడుతుంది. నేను కొలిచే వచ్చాను."

నర్సమ్మ నవ్వేసింది. "అన్నీ చూసుకునే వచ్చావన్నమాట."

"రాకపోతే ఎలా సిస్టర్?"

అలమార వచ్చేసింది. తర్వాత వచ్చిన మంచు రోజున వ్యాను ఇంటి నుంచి బాగా పొద్దెక్కాకే కదిలింది. కిటికీలు దించుకుని, చిన్న లైట్లు వేసుకుని, గీత పట్టుకుని నింపాదిగా వెళ్ళింది. ఇద్దరూ ఇంటి సంగతులు మాట్లాడుకుంటూనే బయటి చప్పుళ్ళకి చెవులు అప్పగించి ఉన్నారు. వంతెన మీదికి చేరేసరికి ఎండ వచ్చింది. మంచు ఏటి మీదినుంచి పొరలు పొరలుగా లేచిపోయి, అవతలి గట్టుదాకా రోడ్డంతా నల్లగా, ఖాళీగా కనబడింది.

"ఇప్పుడు కనబడుతోందా చెల్లీ?"

"చివరిదాకా కనబడుతోందక్కా."

"అయితే పట్టుకో" అని పెద్దకోడలు కాలు నొక్కింది.